అమ్మ చదువుకున్న నోరు

మొన్నీమధ్య మా ఇంటావిడకు చెవుల పరీక్ష చేయించాల్సి వచ్చింది. కొంతకాలంగా ఆవిడకు మాట సరిగ్గా అందడం లేదు. సెల్‌ఫోను మోగుతుంటే పక్కింటిది అనుకుంటుంది. కుక్కరు కూత నమ్ముకోవడం మానేసి, వాసన చూసి దించుతోంది. ఆమదాలవలసలో ఎవరో ఉచిత శిబిరం పెట్టారని తెలిసి పొద్దుటి రైలుకే తీసుకెళ్లాను.

గాజు అద్దం అవతల మా ఆవిడను కూర్చోబెట్టి చెవులకు తొడుగులు పెట్టారు. ఇవతల తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, చేతిలో కాగితం. టేపులో ఒక్కో మాట వస్తుంది, విన్నది విన్నట్టు పైకి అనాలి. టేపు మాట నాకూ సన్నగా వినబడుతోంది.

"చేప" అంది టేపు.

"సేప" అంది మా ఆవిడ.

అమ్మాయి కాగితం మీద అడ్డంగా కొట్టేసింది.

"చెట్టు."

"సెట్టు."

మళ్లీ కొట్టేసింది. "చాప"కూ అదే గతి పట్టింది. నేనింక ఉండబట్టలేకపోయాను.

"తల్లీ, ఆవిడకి వినబడతన్నాది. మావోళ్లు సేపని అలాగే అంటారు."

"తాతగారూ, రికార్డులో ఉన్నట్టు చెప్తేనే రైటు వెయ్యాలండీ. బయట లైను చాలా ఉంది. మీరు కాస్త బయట కూర్చోండి."

లోపలి నుంచి మా ఆవిడ కేకేసింది. "ఏటి? ఏటంతన్నాది? నాను తప్పు సెప్పినానా? సేప కాదేటి అది, పీతేటి?"

నేను బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను. ఆ అమ్మాయి మీద కాదు నా కోపం. పొద్దుట్నుంచి నీళ్లయినా తాగినట్టు లేదు పాపం. నా కోపం ఆ అడ్డగీతల మీద. వినబడిన మాటకు వినబడలేదని రాయడం నా జీవితంలో అదే మొదటిసారి కాదు. దాని వెనక ఒక పెద్ద కథ ఉంది. అది మా అమ్మ కథ.

మేం పుట్టి పెరిగింది విజయనగరానికి దగ్గర్లో, ఒక జూటు మిల్లు కూలీల ఇళ్ల లైన్లలో. ఇప్పుడక్కడ మిల్లు లేదు. గోడల్లో తుమ్మలు మొలిచాయి. మా నాన్నది పొందూరు పక్క పల్లె. మెత్తని నూలు నేసే ఇంట్లో పుట్టి, బతుకు సాగక గోనెగుడ్డ నేయడానికి మిల్లుకొచ్చాడు. ఆ షెడ్డులోనే మగ్గాలకు దారం చుట్టిన కండెలు అందించే పని మా అమ్మది.

మిల్లంటే నాకు ముందు గుర్తొచ్చేది వాసన. నారకు పట్టించే నూనె వాసన ఒకటి, చుట్టుపక్కల చెరువుల్లో నానేసిన గోగు కుళ్లు వాసన ఒకటి. ఎన్ని కుంకుడుకాయలు పెట్టి రుద్దుకున్నా పోయేది కాదు. పొద్దున్న తరవాణిలో ఉల్లిపాయ నంజుకుని బడికి పోయేవాళ్లం. సాయంత్రం చోడంబలి, అంటే రాగి జావ. ఎవరింట్లోనైనా ఎండు మెత్తళ్ల చేపలు వేపితే లైనంతా గిన్నెలు పట్టుకుని అటువైపే చూసేది. ఆ ఘాటుకు కాసేపు నూనె వాసన ఓడిపోయేది.

మగ్గాల షెడ్డులో ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు. అందుకని అక్కడి వాళ్లు గొంతు వాడటం మానేసి, పెదాలతోనే మాట్లాడేవారు. దాన్ని మావాళ్లు "ఉత్తనోరు" అనేవారు. షెడ్డులో అలవాటైన ఆ మాట ఇళ్లల్లోకీ వచ్చింది. ఎదురెదురు అరుగుల మీద కూర్చుని ఆడవాళ్లు బియ్యం ఏరుతూ ఉత్తనోటితో ఊరంతా చెప్పుకునేవారు. మిల్లు మొహం చూడని ముసలి అత్తగారు మధ్యలో కూర్చున్నా, చెవులు నిక్షేపంగా ఉన్నా, ఆవిడకు ఒక్క ముక్క దొరికేది కాదు. "ఏటర్రా, నన్నే గావాల అంటన్నారు?" అని ఉలిక్కిపడేది.

పిల్లలం మేమూ నేర్చుకున్నాం. బడిలో నోరు మెదపకండని మేస్టారంటే, మేం గొంతు మాత్రమే మూసుకునేవాళ్లం. గది ఈ మూల నుంచి ఆ మూలకు కబుర్లే కబుర్లు. మా మేస్టారు గోదావరి అవతల నుంచి వచ్చినాయన. మా మూతులు కదలడం చూసి, "ఏం నములుతున్నారురా? ఉమ్మేయండి!" అని వరసగా నోళ్లు తెరిపించి చూసేవాడు. లోపల ఏమీ ఉండేది కాదు. చింతపిక్కలు మింగేశామని బెంగపెట్టుకునేవాడు.

ఆ మగ్గాల రొదే మా అమ్మ చెవులను కొద్దికొద్దిగా తినేసింది. మిగిలింది ఏదో పెద్ద జ్వరమొచ్చి పట్టుకుపోయింది. జ్వరం తగ్గి లేచిన రోజు అమ్మ కంచం కింద పడేసింది. ఆమెకు చప్పుడు వినబడలేదు. మళ్లీ తీసి మళ్లీ పడేసింది. మిల్లులో సూపర్వైజరుతో చెప్పుకుంటే, "మంచిదే కదా, గోల లేకుండా పని చేసుకో" అని నవ్వాడట. మనుషుల చెవులు పోగొట్టి, అది మనుషులకు లాభమని చెప్పే నోళ్లను నేను తర్వాత చాలా చూశాను. మొదట చూసింది ఆ నోరే.

అయితే అమ్మకు ఉత్తనోరు ఉంది. షెడ్డులో నేర్చిన విద్యే ఆమెను బతికించింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే చాలు, చదివేసేది. ఒక్క నాన్న నోరే ఆమెకు అందేది కాదు. నాన్నకు గుబురు మీసం. పైపెదవి కనబడేది కాదు. ఒక ఆదివారం నాన్న మంగలి దగ్గరకెళ్లి మీసం తీయించుకొచ్చేశాడు. మాలో మీసం తీయిస్తే ఇంట్లో చావు జరిగినట్టు. పక్కింటి అత్త, అంటే అమ్మతో పాటు షెడ్డులో పనిచేసే ఆవిడ, చూసి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! ఏటన్నయ్యా, ఎవులు పోనారు?"

"మీసమే పోనాది. పెద్దకర్మకి రండి, పప్పన్నం ఎడతాను."

"మరెందుకు తీసేసినావు?"

"మీ ఒదినకి నా మాట సదువుకోడానికి అడ్డమొస్తన్నాది."

లైన్లో మగాళ్లు చాలాకాలం ఆయన్ను "ఏటొదినా" అని పిలిచి ఏడిపించారు. నాన్న పట్టించుకోలేదు. దీపం వెలిగించగానే అమ్మ ఎదురుగా, వెలుగు తన మొహం మీద పడేలా కూర్చుని షెడ్డులో కబుర్లన్నీ చెప్పేవాడు. గొంతు లేదు, పెదాలు మాత్రమే. మధ్య మధ్యలో అమ్మ ఒక్కతే పెద్దగా నవ్వేది. దారిన పోయేవాళ్లకు పిచ్చిదానిలా కనబడి ఉంటుంది.

ఆ నాన్న నారదుమ్ము పట్టి దగ్గి దగ్గి పోయాడు. మిల్లువాళ్లు ఒక పూలదండ పంపారు. మర్నాటికి ఆయన మగ్గం మీద ఇంకొకాయన నిలబడ్డాడు. అమ్మకు ఇంట్లో ఒక నోరే మిగిలింది. అది నాది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేస్టారికి నామీద ప్రేమ పుట్టింది. దుర్మార్గుడని ఎలా చెప్పను? తన మజ్జిగలో సగం నాకు పోసేవాడు. నాకు పద్యం చప్పున పట్టుబడుతుందని పొంగిపోయేవాడు. కానీ నా నోరు ఆయనకు నచ్చలేదు. "సెప్పు కాదురా, చెప్పు. నాను కాదు, నేను. ఏటి కాదు, ఏమిటి అను. మూతి అలా సాగదీయకు, ముందుకు పెట్టు" అని రెండు వేళ్లతో నా పెదాలు పట్టుకుని ముందుకు లాగేవాడు. బడి వదిలాక కూడా కూర్చోబెట్టి పలికించేవాడు. నాకూ ముచ్చటగానే ఉండేది. పెద్దవాళ్ల మాట నాకు వస్తోందని గర్వం.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఏదో అంది. నాకు సరిగ్గా వినబడక "ఏమిటి?" అన్నాను. అమ్మ నా నోటివంక చూసి, లేచి వెళ్లి, మంచం కింద నుంచి రేకుపెట్టెను బరబరా ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టింది.

"ఇదిగో పెట్టి. ఏటి కావాల నీకు పెట్టిలో?"

నాకు కాసేపు అర్థం కాలేదు. ఏటి అంటే పెదాలు కలవవు. ఏమిటి అంటే మధ్యలో ఒకసారి కలుస్తాయి. పెదాల మీద మకూ పకూ తేడా కనబడదు. నేను ఏమిటి అన్నది ఆమెకు "ఏ పెట్టి" అని కనబడింది. ఆ రోజు ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం.

తర్వాత తర్వాత నవ్వు రాలేదు. "నేను చూశాను" అంటే అమ్మ మొహం తెల్లబోయేది. "నాను సూసినాను" అయితే ఒక్క రెప్పపాటులో అందుకునేది. స అన్న చోట పెదాలు పక్కలకు సాగుతాయి, చ అన్న చోట ముందుకొస్తాయి. ఇంట్లో ఇలాగ, బడిలో అలాగ అని రెండు నోళ్లు పెట్టుకుందామని చూశాను. చిన్నతనం. ఇంటినోరు బడిలో జారితే బెత్తం తగిలేది. బడినోరు ఇంట్లో జారితే అమ్మ ఒక్క క్షణం నావంక చూసి, "ఊఁ" అని తల తిప్పుకునేది. ఆ "ఊఁ"కి తెలిసిందని కాదు అర్థం. మళ్లీ అడగడానికి మొహమాటమని. కన్నకొడుకును మళ్లీ చెప్పమనడానికి తల్లికి మొహమాటం.

బడికి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నాచేత పద్యాలు చదివించారు. అమ్మ తలకు నూనె రాసుకుని, నాన్న ఊరి నుంచి వచ్చిన ఖద్దరు చీర కట్టుకుని, అందరికన్నా ముందు, నేల మీద కూర్చుంది. నా నోరు బాగా కనబడాలని. నేను మూతి ముందుకు పెట్టి, మేస్టారు నేర్పినట్టు, ఒక్క అక్షరం తప్పకుండా చదివాను. చప్పట్లు కొట్టారు. అమ్మ అటూ ఇటూ చూసి, అందరూ కొడుతున్నారని తనూ కొట్టింది.

తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆగి, నన్ను తనవైపు తిప్పుకుంది.

"బాగా సెప్పినావంట కదా. ఏటి సెప్పినావురా? ఒక్క ముక్క దొరకనేదు నాకు."

ఆ గట్టు మీదే నిలబడి పద్యాల్లో ఉన్నదంతా మా నోటితో చెప్పాను. అమ్మ శ్రద్ధగా చదువుకుంది.

"ఇంతేనా! ఇంతదానికి ఆ మూతేటిరా, పిల్లంగోవి ఊదినట్టు?" అని నవ్వింది. "బాగున్నాది. సదువుకో. మీ నాన్నుంటే ఎంత సంబరపడునో."

మర్నాడు నేను నూతి దగ్గర నీళ్లు తోడుతుంటే అత్త వచ్చి నా చెవి మెలేసింది.

"ఒరే అల్లుడా, మీయమ్మ నిన్న నా కాడ కూకుని ఏడిసినాది తెలుసా? గుంటడి నోరు మేస్టారు మార్సేసినాడొదినా, ఆడేటంతన్నాడో నాకు తెల్డం నేదు, ఎవులితో సెప్పుకోను అని."

"నాతో అన్లేదు మరి."

"నీతో ఎలాగంటాదిరా? సదువు మానేస్తావని బయం."

అన్నట్టే మానేశాను. ఎవరూ చెప్పలేదు, ఎవర్నీ అడగలేదు. మర్నాడు అమ్మ పనికెళ్లాక పలక సంచి గోడకు తగిలించి, మిల్లు గేటు దగ్గరకెళ్లి, అమ్మ లేని షెడ్డులో కండెలు మోసే పనికి నిలబడ్డాను.

మేస్టారు వెతుక్కుంటూ లైన్లలోకి వచ్చాడు. ఆ వాసనకు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. "ఎందుకు మాన్పించారమ్మా? బంగారంలాంటి పిల్లాడు. పట్నంలో పెద్దబడికి పంపిద్దామనుకున్నాను." అమ్మకు అందలేదు. నావైపు చూసింది. నేను తెలుగులోంచి తెలుగులోకి చెప్పాను. నేను బడి మానేశానన్న సంగతి ఆమెకు తెలిసింది అప్పుడే, నా నోటివల్లే. ఆమె గోడకున్న పలక సంచివైపు తిరిగింది. మేస్టారు కాసేపు చూసి, విసుగొచ్చి, వెళ్లిపోతూ, "చెవిటిదానికి చదువు విలువ ఏం తెలుస్తుందిలే" అన్నాడు.

"ఆకరికేటన్నాడు?" అంది అమ్మ.

"ఎల్లొస్తానన్నాడు."

చెవిటిదట. ఆయన అన్న ఆ ఒక్క మాటకు ఇన్నేళ్లయినా నా ఒళ్లు మండుతూనే ఉంది. అమ్మ మా లైన్లలో అందరి నోళ్లూ చదివేది. ఆయనకు వచ్చింది ఒక్క నోరు. ఎవరిదండీ లోపం?

మేస్టారు వెళ్లాక అమ్మ నా రెండు భుజాలూ పట్టుకుంది.

"నా కోసం మానేసినావా?"

నేను తలూపాను.

"అయితే నీ నోరు నాకొద్దు. బడికెల్లు. ఎల్లిన్నాడు సూస్తాను నీ మొగం."

అమ్మ అన్నంత పనీ చేసింది. చెవులున్న తల్లికి కోపమొస్తే మాట్లాడటం మానేస్తుంది. మా అమ్మ మాట్లాడటం మానలేదు. అన్నం తిను అనేది, స్నానం చెయ్యి అనేది. నా నోటివైపు చూడటం మానేసింది. నేను ఎదురుగా వెళ్తే పొయ్యివైపు తిరిగేది. అటు వెళ్తే గోడవైపు తిరిగేది. గట్టిగా అరిచాను, కాళ్లు పట్టుకున్నాను. కళ్లు దించుకుంది. ఒక మనిషి మనల్ని వినకూడదని తేల్చుకుంటే ఎంత నిబ్బరంగా ఉండగలదో అప్పుడు తెలిసింది. వానలు మొదలయ్యాయి, గోగు కోతలయ్యాయి, చెరువులు కుళ్లు వాసనేశాయి. నేనూ మొండిగానే ఉన్నాను. బడికెళితే అమ్మకు అందని నోరొస్తుంది, వెళ్లకపోతే ఉన్న నోరు అమ్మ చూడదు. ఎటైనా నా మాట ఆమెకు చేరదు. అయినా వెళ్లలేదు.

చదువు మీద ఆశ మాత్రం చావలేదు నాకు. కోమటి కొట్టు నుంచి వచ్చిన పొట్లాం కాగితాలన్నీ విప్పి, చదును చేసి, పొయ్యి వెలుగులో చదువుకునేవాణ్ణి. పైకే చదివేవాణ్ణి, కానీ మేస్టారి నోటితో కాదు. కాగితంలో "చెప్పెను" అనుంటే "సెప్పినాడు" అని, "ఏమిటి" అనుంటే "ఏటి" అని, కంటితో ఆ తెలుగు చూస్తూ నోటితో ఈ తెలుగు పలికేవాణ్ణి. ఎవరికోసమని చదివానో నాకూ తెలియదు. అమ్మ అటు తిరిగి రొట్టె కాల్చుకుంటూ ఉండేది.

ఒకరోజు బెల్లం కట్టిన కాగితంలో ఒక కథ ముక్క దొరికింది. ఒక తల్లి, తప్పిపోయిన ఆవు, ఏరు దాటడం. ఏరు పొంగింది, తల్లి నడుం లోతు దిగింది అన్నంత వరకే ఉంది. ఆ పైన చిరిగిపోయింది. నేను చదవడం ఆపి, కాగితం మీద అంటిన బెల్లం నాకుతున్నాను.

"అవతలేటైనాది?"

తల ఎత్తి చూశాను. అమ్మ రొట్టె సంగతి మరిచిపోయి, నా నోటివంకే చూస్తోంది. ఎప్పటి నుంచి చూస్తోందో. పెనం మీద రొట్టె మాడిపోతోంది.

"తెల్దు. సిరిగిపోనాది కాయితం."

"మరి ఆ ముండ ఏరు దాటినాదో నేదో ఎలాగ తెలుస్తాది?"

"రేపు ఇంకో కాయితం తెస్తాను."

"తే. బేగి తే."

అంతే. బడి సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. క్షమించిందని అనుకోను. అటుపైన చాలా ఏళ్లు కాగితాలు, పాత పుస్తకాలు, పేపర్లు, ఏవి దొరికితే అవి చదివి చెప్పాను. ఏది చదివినా మొదటి శ్రోత, కాదు, మొదటి చూపరి అమ్మే. నా చదువంతా అలా వచ్చిందే. పట్టాలున్నవాళ్లు నా మాట విని, "మీరెంతవరకు చదువుకున్నారు?" అని అడుగుతుంటారు. అమ్మ చూసినంతవరకు అంటే వాళ్లకేం అర్థమవుతుంది!

మిల్లు మూతపడింది. లైన్లు ఖాళీ అయిపోయాయి. ఉత్తనోరు వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయారు. అమ్మ వంతు ఒక మధ్యాహ్నం వచ్చింది. నేల మీదికి దించారు. నోట్లో తులసినీళ్లు పోశారు. బంధువులంతా వంగి ఆమె చెవిలో "నారాయణ, నారాయణ" అని అరవడం మొదలుపెట్టారు. పోయేవాళ్ల చెవిన దేవుడి పేరు వేయాలి కదా. ఆ చెవిలోకి ఏళ్ల తరబడి పిడుగు శబ్దం కూడా పోలేదు.

"ఆ సెవిలో కాదర్రా! లెగండి, వెలుగుకి అడ్డం లెగండి!" అని అందర్నీ నెట్టేశాను. ఆమె మొహానికి ఎదురుగా, కిటికీ వెలుగు నా నోటిమీద పడేలా కూర్చుని, చెంప తట్టాను. కళ్లు తెరిచింది. మామూలుగా మనిషి కళ్లు తెరిస్తే ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తారు. అమ్మ నా నోటివంక చూసింది.

దేవుడి పేరు నాకు గుర్తుకు రాలేదు.

"సదువుకున్నానే అమ్మా" అన్నాను. గొంతు లేకుండా, పెదాలతో.

అమ్మ అది చదువుకుంది. చదివినట్టు నాకు తెలుసు. ఏదో జవాబు కూడా చెప్పింది, తనూ గొంతు లేకుండానే. పళ్లు లేని నోరు, ఎండి అట్టకట్టిన పెదాలు. ఒకసారి కలిసి, విడిపోయి, కొంచెం సాగాయి. "ఏటే? ఏటన్నావే?" అని అడుగుతూనే ఉన్నాను. మళ్లీ చెప్పలేదు.

కాళ్ల దగ్గర కూర్చున్న అత్త, "మంచిదిరా అన్నాదిరా అల్లుడా, నాను సూసినాను" అంది. కానీ అత్తకు అప్పటికే కళ్ల మీద పొరలు, ఎదుటి మనిషినే పోల్చుకోలేకపోయేది.

మంచిదిరా అన్నా పెదాలు కలుస్తాయి. కోపం తీరక పోరా అన్నా కలుస్తాయి. ఇప్పటికీ ఎవరూ చూడకుండా అద్దం ముందు నిలబడి, ఆ రెండూ గొంతు లేకుండా అని చూసుకుంటాను. ఒకటి అన్నప్పుడు అదే అనిపిస్తుంది. రెండోది అన్నప్పుడు రెండోదే అనిపిస్తుంది.